మోటారు బోటు రోడ్డెక్కితే ఏ చట్టం? ట్రైలర్ నంబరు నుంచి కలెక్టర్ ఉత్తర్వు దాకా తెలుసుకోవాల్సినవి

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలకు విజయవాడలో బుడమేరు పొంగింది. గట్లకు గండ్లు పడి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు సృష్టించింది. నగరం నడిబొడ్డున, బస్సులు తిరిగే వీధుల్లో పడవలు కావాల్సి వచ్చింది. పక్కనే కృష్ణా నది ఉన్నా, అందులోని పడవ కాలనీకి రావాలంటే మధ్యలో దాటాల్సింది రోడ్డే.

2018 కేరళ వరదల్లోనూ ఇదే చూశాం. కొల్లం, ఆలప్పుళ, తిరువనంతపురం తీరాల మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించుకుని ముంపు ఊళ్లకు చేరి, వేల మందిని బయటకు తెచ్చారు. అప్పుడు వాళ్లను ఎవరూ కాగితాలు అడగలేదు. మామూలు రోజుల్లో అయితే అడుగుతారు. పర్యాటక బోటును గోదావరి రేవు నుంచి మరమ్మతు షెడ్డుకు తీసుకెళ్లినా, జలాశయంలో నడపడానికి కొన్న కొత్త స్పీడ్ బోటును చెన్నై నుంచి తెచ్చుకున్నా చెక్‌పోస్టు దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి. పడవకు నీటి మీద ఒక చట్టం, రోడ్డు మీద ఇంకొకటి. ఈ రెండో చట్టం గురించి పడవ యజమానుల్లో తెలిసినవాళ్లు తక్కువ. అది ఏం చెబుతోందో చూద్దాం.

రోడ్డు మీద పడవ అంటే ఏంటి?

సరుకు. అంతే. నదిలో పడవకు 2021 నాటి అంతర్గత జల నౌకల చట్టం వర్తిస్తుంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇది వచ్చింది. దీని కింద రిజిస్టరైన పడవ ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది. సముద్రంలో చేపల వేటకు వెళ్లే బోట్లకు మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ వేరే ఉంటుంది. కానీ ఈ కాగితాలన్నీ నీటి మీదే పనికొస్తాయి. ట్రైలర్ మీదకు ఎక్కగానే మోటారు వాహనాల చట్టం, 1988 దృష్టిలో ఆ పడవకూ ధాన్యం బస్తాకూ తేడా లేదు. దాన్ని మోస్తున్న బండి సరిగ్గా ఉందా, లోడు హద్దుల్లో ఉందా అన్నవే లెక్క.

అంటే బోటు రిజిస్ట్రేషన్ కాపీ చూపించి 'అన్నీ సక్రమమే' అంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోరు. ఆయన అడిగేది ట్రైలర్ ఆర్‌సీ.

ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ కావాలా?

కావాలి. ఇంజిన్ లేదు కాబట్టి ట్రైలర్ వాహనం కాదని చాలామంది అనుకుంటారు. చట్టంలోని సెక్షన్ 2(28) 'మోటారు వాహనం' నిర్వచనంలోనే ట్రైలర్‌ను చేర్చింది. కాబట్టి సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా దాన్ని రోడ్డెక్కించకూడదు. సెక్షన్ 61 ఇంకో షరతు పెట్టింది. ట్రైలర్‌కు ఇచ్చిన నంబరు దాని మీద కనిపించాలి. దాన్ని లాగుతున్న బండి నంబరు కూడా ట్రైలర్ వెనుక కనిపించాలి. రెండు ట్రైలర్లుంటే చివరిదాని మీద ఉండాలి.

వెల్డింగ్ షాపులో ఇనుప చానళ్లతో చేయించిన ట్రాలీతో చిక్కు ఇక్కడే వస్తుంది. రిజిస్ట్రేషన్ జరగాలంటే ఆ ట్రైలర్ నమూనాకు గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదం ఉండాలి. ఆమోదం ఉన్న తయారీదారు నుంచి కొంటే ఆ పత్రాలు బండితో పాటే వస్తాయి. సొంతంగా చేయించుకుంటే ఆర్టీఏ కార్యాలయంలో ఫైలు కదలదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే సెక్షన్ 192 కింద తొలిసారి రూ.5 వేల వరకు జరిమానా ఉంటుంది. ఆ మొత్తం చిన్నదిగానే కనిపించవచ్చు. అసలు నష్టం బీమా దగ్గర బయటపడుతుంది. దాని గురించి కింద చూద్దాం.

సొంత వాడకమా, రవాణా వాహనమా?

సరుకు మోయడానికి వాడే ఏ వాహనమైనా చట్టం దృష్టిలో 'గూడ్స్ క్యారేజ్'. గూడ్స్ క్యారేజ్ అయితే అది రవాణా వాహనం. అప్పుడు పసుపు రంగు నంబరు ప్లేటు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, పర్మిట్ అవసరమవుతాయి. ఫిట్‌నెస్ లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టేనని సెక్షన్ 56 చెబుతోంది. బండి వయసు 8 ఏళ్లు దాటేవరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

ఇందులో రెండు వెసులుబాట్లు ఉన్నాయి. మొదటిది, మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు వాహనానికి సెక్షన్ 66 కింద పర్మిట్ అక్కర్లేదు. రెండోది, ఏది రవాణా వాహనం, ఏది కాదు అని కేంద్రం 2004లో ఇచ్చిన జాబితాలో 'ప్రైవేటు వాడకానికి ఉన్న క్యాంపర్ వ్యాన్ లేదా ట్రైలర్'ను రవాణాయేతర వాహనాల్లో చేర్చింది. మీ సొంత బోటును మీ సొంత ట్రైలర్ మీద తీసుకెళ్తుంటే ఈ వరుసను చూపించి అడగవచ్చు. అయితే 'బోట్ ట్రైలర్' అన్న మాట ఆ జాబితాలో లేదు. నిర్ణయం రిజిస్టరింగ్ అధికారిదే. అందుకే ట్రైలర్ కొనక ముందే మీ పరిధిలోని ఆర్టీఏను లిఖితపూర్వకంగా అడిగి, జవాబు కూడా లిఖితపూర్వకంగా తీసుకోవడం మేలు.

కిరాయికి మోస్తే మాత్రం చర్చే లేదు. అది రవాణా వాహనమే. వ్యవసాయ పనులకని రిజిస్టరైన ట్రాక్టర్ ట్రక్కు మీద డబ్బు తీసుకుని వేరేవాళ్ల పడవను ఎక్కించుకుంటే, రిజిస్ట్రేషన్‌లోనూ బీమాలోనూ రాసిన వాడకాన్ని మీరినట్టవుతుంది.

2.6 మీటర్ల గీత ఎందుకు ముఖ్యం?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 93వ నిబంధన ప్రకారం వాహనం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. బోటు ఈ గీత లోపల ఉందా, బయట ఉందా అన్నదాన్ని బట్టే మిగతా కథ నడుస్తుంది.

అమెరికాలో రోడ్డు వాహనాల ప్రామాణిక వెడల్పు 102 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. మన లెక్కలో 2.59 మీటర్లు. ట్రైలర్ మీద లాగడానికని చేసే బోట్లను అక్కడి కంపెనీలు సరిగ్గా ఆ కొలతకు లోబడే తయారు చేస్తాయి. అందువల్ల అలాంటి బోటు ఇక్కడికి వచ్చినా వెడల్పు విషయంలో మన నిబంధనలో సరిపోతుంది. మనకు ఇబ్బంది పెట్టేవి స్థానికంగా తయారయ్యే వెడల్పాటి పర్యాటక బోట్లు. మూడు మీటర్ల వెడల్పున్న పడవను ఏ మామూలు ట్రైలర్ మీద పెట్టినా పక్కలకు పొడుచుకొస్తుంది.

అలా పొడుచుకొస్తే ఏమవుతుంది? 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 194(1ఎ) ప్రకారం లోడు పక్కలకు గానీ, ముందుకు వెనక్కి గానీ, ఎత్తులో గానీ హద్దు దాటితే రూ.20 వేల జరిమానా. అంతటితో పోదు. లోడును సరిచేసేదాకా బండిని కదలనివ్వరు, దింపుడు ఖర్చు కూడా మీదే. ఇటుకలైతే దించి వేరే లారీలో వేయొచ్చు. పడవను రెండు ముక్కలు చేయలేరు కదా. అంటే ఆ బోటు అక్కడే, ఆ రోడ్డు పక్కనే ఆగిపోతుంది.

దీనికి చట్టంలోనే దారి ఉంది. ఫలానా లోడును తీసుకెళ్లడానికి కేంద్రం గానీ రాష్ట్రం గానీ అధికారం ఇచ్చిన అధికారి నుంచి ముందుగా మినహాయింపు తెచ్చుకుంటే ఈ సెక్షన్ వర్తించదు. రవాణా రంగంలో ఇలాంటి లోడును 'ఓడీసీ' అంటారు, అంటే కొలత మించిన సరుకు. దరఖాస్తులో బోటు పొడవు, వెడల్పు, ట్రైలర్ మీద పెట్టాక నేల నుంచి మొత్తం ఎత్తు, బరువు, ఏ దారిన, ఏ తేదీల్లో వెళ్తారు అన్నవన్నీ ఖచ్చితంగా ఉండాలి. రాష్ట్రం దాటేట్టయితే రెండు రాష్ట్రాల సంగతీ చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లే బోటుకు ఇదే పరిస్థితి.

బరువు ఎలా లెక్కేయాలి?

బోటు బ్రోచర్‌లో రాసిన బరువును నమ్ముకుంటే మోసపోతారు. అది ఎక్కువగా ఖాళీ బోటు బరువే. ఒక ఉదాహరణ చూద్దాం. ఖాళీ బోటు 1,600 కిలోలు, బయట బిగించే ఇంజిన్ 250, ట్యాంకులో 300 లీటర్ల పెట్రోలు, లంగరు, బ్యాటరీలు, లైఫ్ జాకెట్లు వగైరా 130, ట్రైలర్ సొంత బరువు 600 కిలోలు అనుకుందాం. లీటరు పెట్రోలు ముప్పావు కిలో దాకా తూగుతుంది కాబట్టి ఇంధనమే సుమారు 220 కిలోలు. అన్నీ కలిపితే 2,800 కిలోలు. '1,600 కిలోల బోటే కదా' అనుకుని బయల్దేరినవాళ్ల వెనుక నిజానికి దాదాపు మూడు టన్నులు కదులుతున్నట్టు.

సెక్షన్ 113 ప్రకారం ఈ మొత్తం ట్రైలర్ ఆర్‌సీలో రాసిన స్థూల బరువును దాటకూడదు. దాటితే సెక్షన్ 194 కింద రూ.20 వేలు, పైన టన్నుకు రూ.2 వేల చొప్పున అదనం. తూకానికి ఆపమన్నప్పుడు ఆపకుండా వెళ్లిపోతే రూ.40 వేలు. అక్కడికక్కడే కట్టే కాంపౌండింగ్ రుసుములను రాష్ట్రాలు విడిగా నిర్ణయించుకుంటాయి కాబట్టి మీ రాష్ట్రంలో ఎంతో చూసుకోవాలి.

ట్రైలర్ మోయగలిగితే సరిపోదు, ముందున్న బండి లాగగలగాలి, అంతకంటే ముఖ్యంగా ఆపగలగాలి. మీ కారు లేదా జీపు ఎంత బరువును లాగొచ్చో కంపెనీ ఇచ్చే మాన్యువల్‌లో ఉంటుంది. కొన్ని కార్లకు అసలు ట్రైలరే తగిలించొద్దని అందులోనే రాసి ఉంటుంది. కంపెనీ అనుమతించని బండికి వెనుక కొక్కెం వెల్డింగ్ చేయిస్తే, వాహనంలో మార్పులను నియంత్రించే సెక్షన్ 52 అడ్డొస్తుంది. రెండు టన్నులు పైబడిన బోటుకు మన రోడ్ల మీద లో-బెడ్ లారీ మాట్లాడుకోవడమే చాలాసార్లు చవక, క్షేమం కూడా.

ఏ లైసెన్సు ఉండాలి?

ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు నడిచాయి. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం బజాజ్ అలియాంజ్ వర్సెస్ రంభాదేవి కేసులో తేల్చింది. ఎల్ఎంవీ లైసెన్సు ఉన్నవాళ్లు మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని నడపడానికి విడిగా ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని చెప్పింది. చిన్న, మధ్యతరహా బోట్లు లాగేవాళ్లకు ఇది ఊరట. ఆ బరువు దాటితే రవాణా వాహనాల లైసెన్సు తప్పనిసరి.

ప్రమాదం జరిగితే బీమా ఇస్తుందా?

పడవ మీద తీసుకున్న పాలసీ వేరు, రోడ్డు మీద మూడో వ్యక్తికి జరిగే నష్టానికి చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా వేరు. సెక్షన్ 146 అడిగేది రెండోదాన్నే. అది లేకపోతే సెక్షన్ 196 కింద తొలిసారి రూ.2 వేల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. లాగే బండి పాలసీలో ట్రైలర్ వివరాలు కూడా నమోదయ్యాయో లేదో పత్రం తీసి చూసుకోండి. 'కారుకు ఉంది కాబట్టి ట్రైలర్‌కూ ఉన్నట్టే' అనుకోవద్దు.

రిజిస్ట్రేషన్ లేని ట్రైలర్ కొక్కెం తెగి ఎదురుగా వచ్చే బైకును కొట్టిందనుకోండి. పాలసీ షరతులు మీరారని బీమా కంపెనీ వాదిస్తుంది. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు కోర్టులు ముందు బాధితుడికి డబ్బు చెల్లించమని, తర్వాత దాన్ని యజమాని నుంచి రాబట్టుకోమని కంపెనీకి చెబుతుంటాయి. బాధితుడికి న్యాయం జరుగుతుంది. యజమాని ఇల్లు అమ్ముకోవాల్సి రావచ్చు. లక్షల్లో ఉండే ఆ పరిహారం ముందు రూ.5 వేల చలానా ఏపాటిది?

లైట్లు, కట్లు, కరెంటు తీగలు

బోటు ట్రైలర్‌కు ఉన్న ప్రత్యేక ఇబ్బంది ఏంటంటే, బోటు వెనుక వేలాడే ఇంజిన్ ట్రైలర్ లైట్లను కప్పేస్తుంది. రాత్రిపూట వెనుక వచ్చే లారీ డ్రైవర్‌కు ఏమీ కనిపించదు. బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు, ఎర్ర రిఫ్లెక్టర్లు అన్నీ బిగించిన పలకను బోటు చివరన కట్టాలి. ఇంజిన్ ప్రొపెల్లర్‌కు తొడుగు వేయాలి.

పడవను తాళ్లతో కట్టి వదిలేయకండి. రాచెట్ బెల్టులతో ముందు, మధ్య, వెనుక ట్రైలర్ చట్రానికి బిగించాలి. మొదటి పది కిలోమీటర్లు వెళ్లాక ఆపి మళ్లీ బిగింపు చూసుకోవాలి. మొత్తం బరువులో సుమారు 5 నుంచి 10 శాతం ముందున్న కొక్కెం మీద పడేలా బోటును సర్దాలి. బరువంతా వెనక్కి ఉంటే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ తోక ఊపుతుంది, ముందు బండిని కూడా పక్కకు లాగేస్తుంది. ట్యాంకులో పెట్రోలు వీలైనంత తీసేస్తే బరువూ తగ్గుతుంది, అగ్ని ప్రమాదం భయమూ తగ్గుతుంది.

పై కప్పు ఉన్న బోటైతే ఎత్తు కొలవడం మర్చిపోవద్దు. రోడ్డును దాటే కరెంటు తీగలు లో-టెన్షన్ అయితే 5.8 మీటర్లు, హై-టెన్షన్ అయితే 6.1 మీటర్ల ఎత్తుకు తగ్గకూడదని నిబంధన. ఊళ్లలో కొన్నిచోట్ల తీగలు జారి ఇంకా కిందికి ఉంటాయి. కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వైర్లయితే చెప్పనక్కర్లేదు. విద్యుదీకరణ జరిగిన రైల్వే గేట్ల దగ్గర ఉండే ఎత్తు కమాను కింద పట్టకపోతే వెనక్కి తిరగాల్సిందే. దారిని ముందు రోజు బైకు మీద ఒకసారి చూసి రావడం ఖర్చులేని జాగ్రత్త.

వరద రోజున ఈ నిబంధనలన్నీ ఉంటాయా?

ఇక్కడే విపత్తు నిర్వహణ చట్టం, 2005 రంగంలోకి వస్తుంది. సెక్షన్ 65 కింద జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ, అంటే ఆచరణలో కలెక్టర్, సహాయ చర్యల కోసం వాహనాలను, ఇతర వనరులను లిఖితపూర్వక ఉత్తర్వుతో స్వాధీనం చేసుకోవచ్చు. పడవలు, వాటిని మోసే లారీలు రెండూ ఇందులోకి వస్తాయి. సరైన కారణం లేకుండా కాదంటే సెక్షన్ 51 కింద శిక్ష ఉంది. ఇతర చట్టాలతో పొసగనిచోట ఈ చట్టానిదే పైచేయి అని సెక్షన్ 72 చెబుతోంది.

తీసుకున్నదానికి డబ్బు ఇవ్వాలని కూడా చట్టమే చెప్పింది. సెక్షన్ 66 ప్రకారం ఆ ప్రాంతంలో నడుస్తున్న కిరాయి రేట్ల ఆధారంగా పరిహారం నిర్ణయించాలి. ఆ మొత్తం నచ్చకపోతే నిర్ణీత గడువులో మధ్యవర్తికి పంపమని దరఖాస్తు చేసుకోవచ్చు. అందుకే పడవ ఇచ్చే యజమాని, సరంగు ఒక్క పని మర్చిపోకూడదు: ఉత్తర్వు కాపీ, కనీసం ఫోన్‌లో ఫొటో అయినా దగ్గర పెట్టుకోవాలి. చెక్‌పోస్టులో బండి ఆగకుండా చూసేదీ, తర్వాత బిల్లు తెచ్చిపెట్టేదీ అదే. నోటిమాట మీద వెళ్లినవాళ్లకు నీళ్లు తగ్గాక ఆఫీసుల చుట్టూ తిరగడమే మిగులుతుంది.

బయటి దేశాల్లో ఎలా ఉంది?

బ్రిటన్‌లో ట్రైలర్ వెడల్పు 2.55 మీటర్లు దాటకూడదు. లోడు 2.9 మీటర్లు దాటితే రెండు పనిదినాల ముందే పోలీసులకు తెలియజేయాలి. 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వరకు ట్రైలర్ లాగవచ్చు. బరువు 750 కిలోలు దాటితే ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి. అమెరికాలో రాష్ట్రానికో తీరు. టెక్సాస్‌లోనో జార్జియాలోనో ఉన్న మనవాళ్లు బోటు కొంటే ట్రైలర్ రిజిస్ట్రేషన్, బ్రేకుల పరిమితి ఆ రాష్ట్రం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి, రాష్ట్రం దాటేటప్పుడు మళ్లీ చూసుకోవాలి.

అక్కడి నిబంధనలు మనకంటే తేలికేమీ కాదు. కానీ బోటు కొన్న మనిషికి ఏం చేయాలో ఒకేచోట రాసి ఉంటుంది. మన దగ్గర అదే సమాచారం మోటారు వాహనాల చట్టంలో కొంత, కేంద్ర నిబంధనల్లో కొంత, 2004 జాబితాలో కొంత, కోర్టు తీర్పుల్లో కొంత ఉంది. బోట్ ట్రైలర్ అన్న పేరుతో స్పష్టమైన వరుస లేకపోవడంతో అధికారికో అర్థం, యజమానికో అర్థం అవుతోంది.

మారాల్సింది ఏంటి?

పెద్ద సంస్కరణలేమీ అక్కర్లేదు. బోటు ట్రైలర్ ఏ తరగతిలోకి వస్తుందో రవాణా శాఖ ఒక సర్క్యులర్‌తో స్పష్టం చేయవచ్చు. వానాకాలానికి ముందే ప్రతి జిల్లాలో రిజిస్టరైన పడవలు ఎన్ని, వాటి వెడల్పు, బరువు ఎంత, మోయగల ట్రైలర్లు, లారీలు, ఎక్కించే క్రేన్లు ఎక్కడున్నాయి అన్న జాబితా కలెక్టరేట్‌లో ఉంటే, వరద రోజున ఉత్తర్వు తయారు చేయడం గంట పని. పడవ ఉండి, దాన్ని మోసే బండి దొరక్క గడిచిపోయే ప్రతి గంటా మేడ మీద నిలబడి ఎదురుచూసే కుటుంబానికి చాలా పెద్దది.

బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి

- ట్రైలర్ ఆర్‌సీ. రవాణా వాహనమైతే ఫిట్‌నెస్, అవసరమైతే పర్మిట్
- లాగే బండి పాలసీలో ట్రైలర్ నమోదు
- బోటు రిజిస్ట్రేషన్, కొనుగోలు బిల్లు (సరుకు మీదేనని చూపడానికి)
- వేబ్రిడ్జి తూకం చీటీ
- వెడల్పు 2.6 మీటర్లు దాటితే మినహాయింపు ఉత్తర్వు అసలు ప్రతి
- వెనుక లైట్లు, రెండు నంబర్లు, రిఫ్లెక్టర్లు, అదనపు గొలుసు
- జాతీయ రహదారిపై సాయానికి 1033, వరద సమయంలో జిల్లా కంట్రోల్ రూముకు 1077

తూకం చీటీకి ఖర్చయ్యేది కొద్దిపాటి రుసుమే. మిగతా కాగితాల్లో దేన్ని సరిచేసుకోవాలో ముందుగా చెప్పేది అదే కాబట్టి పని అక్కడి నుంచే మొదలుపెట్టండి.